అన్నీ కుదురుకున్నాక చేద్దామనుకోకండి: గందరగోళంలోనే పనుల వరుస తేల్చుకోవడం ఎలా

"పిల్లల పరీక్షలు అయిపోనీ, మామగారి కంటి ఆపరేషన్ అయిపోనీ, ఈ పెళ్లిళ్లు దాటనీ, అప్పుడు అన్నీ ఒక పద్ధతిలో పెట్టుకుందాం." ఈ మాట మీ ఇంట్లో ఎన్నేళ్లుగా వినబడుతోందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పరీక్షలు అయిపోతే సెలవులు వస్తాయి, సెలవులతో పాటు చుట్టాలు వస్తారు. చుట్టాలు వెళ్లేలోగా బడులు తెరుస్తారు. మనం ఎదురుచూసే ఆ తీరికైన నెల ఏ క్యాలెండరులోనూ అచ్చుకాలేదు.

అందుకే క్రమశిక్షణతో ఎలా బతకాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. ఇల్లు కుదురుకోదని ముందే ఒప్పుకుని, ఆ గజిబిజి మధ్యనే ఏది ముందు, ఏది వెనక, ఏది అసలే వద్దు అని తేల్చుకునే పద్ధతి చెబుతాను. నేను ఉండేది అనంతపురంలో కనుక ఉదాహరణలు ఇక్కడివే. కర్నూలు, కడప వాళ్లు ఊళ్ల పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

కావలసినవి మూడే: ఒక పాత నోటుపుస్తకం, ఒక పెన్ను, ఇంట్లో అందరూ ఒకచోట కూర్చునే అరగంట. మూడోదే దొరకడం కష్టం. ఫోనులో యాప్ ఎందుకు వద్దంటున్నానంటే, పని రాసుకుందామని ఫోను తీసిన మనిషి నాలుగు గ్రూపుల మెసేజీలు చదివి, రాయవలసింది రాయకుండానే పక్కన పెడతాడు.

మొదట: పనులు కాదు, అడ్డాలు రాయండి

పనుల జాబితా రాయడం అందరికీ వచ్చు. ఈ వారం దాని జోలికి పోకండి. రోజూ పడుకునే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఈ రోజు అనుకున్నది దేనివల్ల చెడింది? మా వైపు ఒక ఇంట్లో ఆ పేజీ ఇలా ఉంటుంది.

సోమవారం: చిన్నాయన అర్జీ పట్టుకుని ఊరి నుంచి వచ్చారు. వంట రెండుసార్లు అయింది, ఆఫీసుకు ఆలస్యం.
మంగళవారం: కుళాయి నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. సంపు నిండేదాకా కదలడానికి లేదు.
బుధవారం: లైను మరమ్మతులట, మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. దోసెల పిండి రుబ్బలేదు.
గురువారం: రేపటికి చార్టు కావాలని అబ్బాయి రాత్రి ఎనిమిదింటికి చెప్పాడు.
శుక్రవారం: అత్తయ్యకు జ్వరం.

వారం ముగిశాక ఒక్కో వరుస పక్కన, ఇది ముందే తెలియవలసినదా, నిజంగా హఠాత్తుగా వచ్చినదా అని గుర్తు పెట్టండి. ఇక్కడ కొంచెం నిదానించండి, అసలు లాభం ఇక్కడే ఉంది.

కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేది సోమవారాల్లో. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు నుంచి జనం పొద్దున బస్సులకు వస్తారు. పట్నంలో బంధువుల ఇల్లున్నవారు ముందు అక్కడ ఆగుతారు. కాబట్టి చిన్నాయన రాక హఠాత్తు కాదు. ఏ సోమవారమో తెలియదు కానీ, వస్తే సోమవారమే. మరమ్మతుల కోసం కరెంటు ఆపేటప్పుడు ఆ ప్రకటన ముందురోజే పత్రిక జిల్లా పేజీలోనో కాలనీ గ్రూపులోనో తరచుగా కనిపిస్తుంది, చదివేవారు లేరంతే. చార్టు సంగతి టీచరు అంతకుముందు వారమే చెప్పి ఉంటారు. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో నీళ్ల రోజు ఏదో అందరికీ తెలుసు. ఐదింటిలో హఠాత్తుగా వచ్చింది జ్వరం ఒక్కటే.

చాలా ఇళ్లలో లెక్క దాదాపు ఇలాగే తేలుతుంది. మనం గందరగోళం అని పిలిచేదానిలో పెద్ద భాగం మళ్లీ మళ్లీ అదే వేళకు వచ్చే పాత అతిథే. వాటికి వారంలో చోటు కేటాయించండి. సోమవారం పొద్దున ముఖ్యమైన పని పెట్టుకోవద్దు, ఇడ్లీ పిండి ఎక్కువ రుబ్బుకోండి. గురువారం సాయంత్రం బడి డైరీ చూడండి. పిల్లవాడు చెప్పేదాకా ఆగకండి.

రెండోది: "చేయకపోతే ఏమవుతుంది" అని అడగండి

అత్యవసరం వేరు, ముఖ్యం వేరు అనే మాట మీరు వినే ఉంటారు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో, ఎవరో మాజీ కళాశాల అధ్యక్షుడు అన్న మాటగా ఇది చెప్పారు: నాకు రెండు రకాల సమస్యలు, అత్యవసరమైనవి, ముఖ్యమైనవి, అత్యవసరమైనవి ముఖ్యం కావు, ముఖ్యమైనవి ఎన్నడూ అత్యవసరం కావు. తరువాత వచ్చినవారు దీన్ని నాలుగు గడుల పటంగా గీశారు. ఆ పటం ఆఫీసు బల్లకు బాగానే ఉంటుంది. నలుగురి అత్యవసరాలూ ఒక్కరి నెత్తిన పడే ఇంట్లో మాత్రం ఏ పని ఏ గడిలోదో తేల్చేలోగా పాలు పొంగిపోతాయి.

నాకు నచ్చిన పద్ధతి ఇంకా మోటుది. ప్రతి పనినీ ఇలా అడగండి: ఈ వారం చేయకపోతే ఏమవుతుంది, ఎవరికి? జవాబులు మూడు రకాలుగా వస్తాయి.

మళ్లీ సరిచేయలేని నష్టం జరిగేవి మొదటి రకం. బీపీ మాత్రలు అయిపోవడం, పరీక్ష ఫీజు గడువు, వైద్యుడు మళ్లీ రమ్మన్న తేదీ. ఇవి అన్నిటికన్నా ముందు. వీటిలో బేరం లేదు.

చేయకపోతే ఖర్చు పెరిగేవి రెండో రకం. మోసం చేసేవి ఇవే, ఎందుకంటే గడువు దాటేదాకా ఎవరూ గట్టిగా గుర్తుచేయరు. బ్యాంకులో మూడు లక్షల లోపు పంట రుణం తీసుకున్న రైతు ఏడాదిలోగా తిరిగి కడితే, ఏడు శాతం వడ్డీలో మూడు శాతం రాయితీ వస్తుంది, అంటే నాలుగు శాతమే పడుతుంది. రెండు లక్షల అప్పు మీద అది ఆరు వేల రూపాయలు. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. మున్సిపాలిటీ ఇంటి పన్ను కూడా అంతే. ఏడాది మొత్తాన్నీ ఏప్రిల్ నెలాఖరులోగా ఒకేసారి కట్టినవారికి ఐదు శాతం తగ్గింపు ఇస్తూ వస్తున్నారు. ఈ తేదీలన్నీ, మొదటి రకం గడువులు కూడా, ఒక పేజీలో రాసి బీరువా తలుపు లోపల అంటించండి. బీరువా ఎందుకంటే, ఈ పనులన్నిటికీ కావలసిన కాగితాలు అందులోనే ఉంటాయి.

చేయకపోయినా ఏమీ కానివి మూడో రకం. షోకేసులో బొమ్మలు తుడవడం, ఆరేసిన బట్టలు ఆ రోజే మడత పెట్టడం, గ్రూపులో వచ్చిన ప్రతి శుభోదయానికీ జవాబివ్వడం. వీటి సంగతి కాసేపట్లో.

ఒక హెచ్చరిక. "ఎవరికి" అన్న ముక్కను వదిలేయకండి. మీ నడక మానేస్తే ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు, మీకు అవుతుంది. చాలామంది తమకు జరిగే నష్టాన్ని మూడో రకంలో రాసేస్తారు. ముఖ్యంగా ఆడవాళ్లు.

మూడోది: ప్రతి పెద్ద పనికీ ఒక ఉలవల పని

అనంతపురం దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది. ఇక్కడ మెట్ట సేద్యం చేసే రైతు ఫలానా తేదీన విత్తుతానని చెప్పడు. జూన్, జూలైలో పదును దొరికితే వేరుశనగ వేస్తాడు. సాళ్ల మధ్య కంది వేస్తాడు, ఎందుకంటే వేరుశనగ మూడున్నర నెలల్లో చేతికొస్తుంది, కంది ఇంకా నిలబడి ఉంటుంది. వేరుశనగకు పనికిరాని ఆలస్యపు వాన కందికి పనికొస్తుంది. జూలై ఎండిపోతే జొన్న, కొర్ర వైపు చూస్తాడు. అదీ దాటిపోతే చివరికి ఉలవలు చల్లుతాడు. చేను బీడు పెట్టడు. ఉలవలు ఎక్కువ డబ్బు తేవు, కానీ గింజ ఇంటికి, కట్టె పశువులకు వస్తాయి.

ఈ లెక్కను మీ వారానికి అన్వయించుకోండి. వారానికి రెండు పెద్ద పనులకు మించి పెట్టుకోవద్దు. ఒక్కోదానికి పక్కనే ఒక చిన్న రూపం రాయండి. రోజు చెడిపోయినప్పుడు చేసేది అదే.

డీఎస్సీకి చదువుతూ ఇల్లు నడుపుతున్న కోడలు ఉందనుకోండి. పెద్ద పని: పొద్దున ఐదు నుంచి ఏడు దాకా చదువు. ఉలవల పని: పాత ప్రశ్నపత్రం నుంచి ఇరవై ప్రశ్నలు, అన్నం ఉడికేలోగా. ఆ పత్రాన్ని ముందురోజు రాత్రే మడిచి వంటింట్లో పోపుల డబ్బా పక్కన పెట్టాలి. పొద్దున వెతుక్కోవలసి వస్తే అది ఉలవల పని కాదు. ఆర్ట్స్ కళాశాల మైదానంలో ముప్పావు గంట నడక మీ పెద్ద పని అయితే, మిద్దె మీద పది నిమిషాలు దాని చిన్న రూపం. ఇంటి లెక్కలన్నీ రాయడం పెద్ద పని అయితే, ఆ రోజు బిల్లులను ఒక కవరులో వేయడం చిన్నది.

రెండు నియమాలు. చిన్న రూపం పావుగంట దాటకూడదు. దాన్ని రోజు ఇంకా బాగున్నప్పుడే రాసి పెట్టుకోవాలి. ఇంట్లో జ్వరం, బయట నీళ్ల మోటారు, చేతిలో ఫోను ఉన్న సమయంలో ఆలోచించి తేల్చడం ఎవరి వల్లా కాదు.

నాలుగోది: రోజును అంచుల దాకా నింపకండి

కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు, వేళాపాళా లేకుండా వచ్చే ఫోను కాల్స్ మీద 1909లో ఒక పరిశోధన ప్రచురించాడు. వరసలో నిలబడే సమయాన్ని లెక్కగట్టే శాస్త్రం అక్కడి నుంచే పెరిగింది. అందులోని అతి సరళమైన సూత్రం ఒకటి మనకు చాలు. ఒకే గుమాస్తా ఉన్న కౌంటరుకు జనం ఎప్పుడంటే అప్పుడు వస్తున్నారు, ఒక్కొక్కరి పనికి పట్టే సమయం కూడా మారుతూ ఉంది అనుకోండి. గుమాస్తా సమయంలో సగం పనితో నిండి ఉంటే, వరసలో ఆగడంతో కలిపి ఒక మనిషి పని అయ్యేసరికి అసలు పనికి పట్టే సమయానికి సగటున రెట్టింపు పడుతుంది. 80 శాతం నిండితే ఐదు రెట్లు, 90 శాతం నిండితే పది రెట్లు. చివరి పది శాతమే కొంప ముంచుతుంది.

ఇంటికీ ఈ లెక్క చాలావరకు వర్తిస్తుంది. పనులు చెప్పి రావు, చేసే మనిషి ఒక్కరే. రోజంతా గంట గంటకూ ఒక పని రాసి పెట్టుకుంటే ఒక్క జ్వరం, ఒక్క పంక్చరు మొత్తాన్ని పడగొడతాయి. కాబట్టి మెలకువగా ఉండే గంటల్లో మూడింట రెండు వంతులకు మించి ముందుగా పనులు కేటాయించవద్దు. మిగిలింది ఖాళీ కాదు. మొదటి మెట్టులో తేలిన నిజమైన హఠాత్తు సంగతులకు అది మీరు ముందే కట్టిన వాయిదా.

పనికి ఎంతసేపు పడుతుందో అంచనా వేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు, మనిషి తన పనికి పట్టే కాలాన్ని తక్కువగానే ఊహిస్తాడని. 1994లో ప్రచురితమైన ఒక కెనడా పరిశోధనలో, చివరి ఏడాది విద్యార్థులను తమ థీసిస్ ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగారు. సగటున 34 రోజులు అన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత అని అడిగితే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 పైనే. అంటే వాళ్లు భయపడిన దానికన్నా కూడా ఎక్కువ. "ఎంత పట్టవచ్చు" అని మనసును అడగకండి, "పోయినసారి ఎంత పట్టింది" అని నోటుపుస్తకాన్ని అడగండి. ఆఫీసులో సంతకం పని గంటలో అయిపోతుందనిపిస్తుంది. పోయినసారి పూట గడిచి ఉంటే ఈసారీ పూటే రాయండి.

ఐదోది: వదిలేసేవి బయటికి చెప్పి వదిలేయండి

మూడో రకం పనుల జాబితా ఉంది కదా, దాన్ని పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. పైన "ఈ నెల చేయనివి" అని రాయండి. బట్టల మడతలు కుర్చీ మీదే ఉంటాయి. ఈ ఏడాది అప్పడాలు కొంటాం. మంచం కింద పెట్టెలు సర్దడం వచ్చే నెలకు.

చెప్పకుండా వదిలేసిన పని రోజంతా కళ్ల ముందు నిలబడి తిడుతుంది. ఇంట్లో వాళ్లు దాన్ని మీ సోమరితనం అనుకుంటారు, మీరు దాన్ని మీ తప్పు అనుకుంటారు. అందరి ముందూ చర్చించి వదిలేసిన దాన్ని ఎవరూ తవ్వరు. ఒకవేళ ఇంట్లో పెద్దావిడ జేజి ఒప్పుకోలేదనుకోండి, "అప్పడాలు కొనడమేమిటి, ఇంట్లో మనుషులు లేరా" అన్నారనుకోండి, మంచిదే. ఆ పని ఆమెకు ముఖ్యం. ఆమె అజమాయిషీలో, పిల్లల చేతుల సాయంతో ఒక ఆదివారం పెట్టుకోండి. మీ జాబితాలోకి మాత్రం తిరిగి రానివ్వకండి.

మిగిలిన పనులను పంచేటప్పుడు ముక్కలుగా పంచవద్దు. "మోటారు వేయండి" అని మీరు గుర్తుచేస్తే ఆయన లేచి స్విచ్ వేయడం పంపకం కాదు. నీళ్ల రోజు ఏదో తెలుసుకోవడం, సంపు నిండిందో లేదో చూడటం, మోటారు వేయడం, పై ట్యాంకు పొంగి మిద్దె మీద నుంచి నీళ్లు వీధిలోకి కారకముందే ఆపడం, వాల్వు పాడైతే ప్లంబరును పిలవడం, ఇదంతా కలిపి ఒక పని. ఒక మనిషికి మొత్తంగా అప్పగించండి. మొదటి రెండు మూడుసార్లు ట్యాంకు పొంగుతుంది. పొంగనివ్వండి, మీరు లేవకండి.

ఆరోది: సగం ఒప్పుకోవడం నేర్చుకోండి

"కాదు అని చెప్పడం నేర్చుకోండి" అని సలహా ఇచ్చేవారు శ్రావణ మాసంలో ఒకసారి మా ఊరికి రావాలి. ఒకే రోజు మూడు పెళ్లిపత్రికలు, మూడూ కాదనలేనివే. కాదంటే పదేళ్లు గుర్తు పెట్టుకుంటారు. అందుకని కాదనవద్దు, మీరు చేయగలిగిన భాగాన్ని మీరే ముందుగా కోసి చూపించండి.

"వదినా, తాళి కట్టే వేళకు అందుకోలేను. ముందు రోజు సాయంత్రమే వచ్చి, అమ్మాయిని పెళ్లికూతురిని చేసేటప్పుడు ఉండి వెళతాను." ఏ వదినా దీనికి అలగదు, పైగా ముందురోజు పనికి మనిషి దొరికిందని సంతోషిస్తుంది.

చిన్నాయనకు: "చిన్నాయనా, సోమవారం వస్తే టిఫిను మా ఇంట్లోనే. తొమ్మిదిన్నరకు కలెక్టరేట్ దగ్గర దింపుతాను. అర్జీ ముందురోజే ఎవరి చేతనైనా రాయించుకుని తెచ్చుకోండి, ఇక్కడ రాయడానికి నాకు తీరదు." ఆదివారం సాయంత్రం మీరే ఫోను చేసి ఈ మాట చెబితే మర్యాద. సోమవారం పొద్దున గుమ్మంలో నిలబెట్టి చెబితే కాదు.

ఆఫీసులోనూ ఇదే వరుస. "రేపు మధ్యాహ్నానికి మొదటి రెండు పేజీలు ఇవ్వగలను సార్, మొత్తం కావాలంటే ఎల్లుండి." వేళ, పరిమాణం రెండూ మీ నోటి నుంచే ముందు రావాలి.

ఏడోది: పడుకునే ముందు

ఐదు నిమిషాలు చాలు. సగంలో ఆగిన పనులు తలలో తిరుగుతూ ఉంటాయి. అయితే వాటిని ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా తేల్చుకుంటే చాలు, పని పూర్తి కాకపోయినా మనసు వాటిని పట్టుకుని వేలాడటం తగ్గుతుందని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ ప్రయోగాల్లో చూపారు. కాబట్టి "గ్యాసు బుక్ చేయాలి" అని కాదు, "రేపు టీ తాగేటప్పుడు గ్యాసు బుక్ చేస్తాను" అని రాయండి. మూడు రాయండి. నాలుగోది గుర్తొస్తే రేపటికి ఉంచండి.

అన్నీ ఒకేసారి మీద పడిన రోజు

ఆసుపత్రి, చావు, ప్రమాదం. ఆ రోజు పైవన్నీ మూసేయండి. ఉలవల పనులు కూడా వద్దు. మాత్రలు, తిండి, నిద్ర, ఈ మూడూ ఇంట్లో ఎవరికీ తప్పకుండా చూడండి. మీ కోసం ఎదురుచూసే ఒక్కరికి ఫోను చేసి రాలేనని చెప్పండి. ఆ ఒక్కరు మిగతావారికి చెబుతారు. మొదటి రకం పనుల్లో ఆ వారం గడువు ఉన్నది ఏదైనా ఉంటే, బీరువా తలుపు మీది పేజీని ఫొటో తీసి తమ్ముడికో పక్కింటివారికో పంపండి.

పట్టికను ఎప్పుడు మార్చాలి

ఆదివారం సాయంత్రం పావుగంట కూర్చుని, వచ్చే వారానికి రెండు పెద్ద పనులు, వాటి చిన్న రూపాలు రాసుకోండి. అడ్డాల పేజీ మాత్రం ఏడాదికి రెండుసార్లు మళ్లీ మొదటి నుంచి రాయాలి. జూన్‌లో బడులు తెరిచిన వారం ఒకసారి, సంక్రాంతి దాటిన వారం ఒకసారి. ఎండాకాలంలో నీళ్ల వేళలు మారతాయి, పిల్లల తరగతులు మారతాయి, పెద్దవాళ్ల మందులు మారతాయి. పాత పేజీ పనికిరాదు. అప్పుడే ఫ్రిజ్ మీది కాగితాన్ని కూడా తీసి చూడండి. "ఈ నెల చేయనివి"లో రాసిన ఏ పనినైనా ఆ ఆరు నెలల్లో ఎవరూ అడగకపోతే, కొత్త కాగితంలో దాన్ని రాయనక్కర లేదు.